వంటింట్లోంచి బిగించిన మిషన్

మొన్న ధర్మవరంలో మా పాత ఇంటి వంటింటి గోడ పడగొట్టడం మొదలుపెట్టిన రోజే తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. "అక్కా, మేస్త్రీ పని ఆపేసి కూర్చున్యాడు. గోడలో చిన్న తలుపు బయటపడిందంట. దాని సంగతి తేలేదాకా గునపం ముట్టనంటాండాడు. ఆ ఇంటి సంగతులు నీకే తెలుసు, నువ్వొచ్చి ఆయప్పకు చెప్పు" అన్నాడు. ఇప్పుడు మేముంటున్న అనంతపురం నుంచి ధర్మవరం ఎంత దూరమని, చెప్పులేసుకుని బస్సెక్కాను. నేను వెళ్లేసరికి మేస్త్రీ, ఇద్దరు కూలీలు, వాళ్లకు తోడు పక్కింటివాళ్లు, అందరూ ఆ గోడ ముందు నిలబడి ఉన్నారు. ఛాతీ ఎత్తున అన్నం పళ్లెమంత చెక్క తలుపు. నాలుగైదు పొరల సున్నం కింద ఇన్నేళ్లూ కనబడకుండా ఉండిపోయింది. "పెద్దోళ్లు ఏమన్నా దాచిపెట్టినారేమో తల్లీ, మనం మొరటుగా పగలగొట్టగూడదు" అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి.

నాకొక చెడ్డ గుణం ఉంది. ఎవరైనా ఒక మాటను ముచ్చటపడి నమ్ముతుంటే దాన్ని చెడగొట్టడానికి మనసొప్పదు. "నిజమేనప్పా, మా జేజి ఉన్నన్నాళ్లు ఆ తలుపును ఇంకొకరిని ముట్టనిచ్చేది కాదు" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. మేస్త్రీ కూలీని పంపి టెంకాయ తెప్పించాడు, కర్పూరం వెలిగించాడు, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని భక్తిగా తలుపు లాగాడు. లోపల మూరెడు లోతు గూడు, అవతలి వైపు ఇటుకలు పెట్టి మూసేశారు. గూట్లో ఒక పొడుగాటి ఇనుప గొట్టం, దాని చివర చెక్క పిడి. మేస్త్రీ ముఖం చూసి నవ్వాపుకోలేక నేను పెరట్లోకి పోయాను. తిరిగొచ్చాక "ఏందమ్మా ఇది?" అని అడిగాడు. "మిల్లింగ్ మిషన్ బిగించేది" అన్నాను. "వంటింట్లో మిల్లింగ్ మిషన్ ఏంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు నాలుగు ముక్కల్లో చెప్పి పని మొదలుపెట్టించాను. ఇక్కడ కొంచెం తీరిగ్గా చెబుతాను.

మాది నేతపని ఇల్లు. తాత పోయాక నాయన మగ్గం గుంతలో ఎక్కువ కాలం కూర్చోలేదు. ఆయన చేతికి పట్టుదారం కంటే ఇనుము నచ్చింది. ఊళ్లో పట్టుదారం మెలిపెట్టే మిషన్లలో పళ్ల చక్రాలు అరిగిపోతే కొత్తవి బెంగుళూరు నుంచి రావాలి. అవి వచ్చేదాకా మిషన్ల వాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవాళ్లు. "ఆ చక్రాలేవో మనమే కోస్తే ఏమైతుంది?" అన్న ఆలోచన నాయన తలలో దూరింది. దూరింది బయటికి రాలేదు. బెంగుళూరులో ఏదో ఫ్యాక్టరీ మూసేస్తూ పాత సామాను అమ్ముతున్నారని విని వెళ్లి, ఒక మిల్లింగ్ మిషన్‌తో తిరిగొచ్చాడు. స్టేషన్ నుంచి అది ఎద్దులబండి మీద వస్తుంటే వీధంతా ఉత్సవం చూసినట్టు చూసింది. మనిషెత్తు ఇనుప స్తంభం, దాన్ని పట్టుకుని పైకీ కిందికీ జారే తల, తల కింద గిర్రున తిరిగే కట్టర్, దాని కింద అటూ ఇటూ జరిగే బల్ల. బల్ల మీద ఇనుప బిళ్ల బిగించి కట్టర్ కిందికి మెల్లగా జరిపితే ఒక్కో పన్నూ తీరుగా తెగి వచ్చేది. జేజి హారతి ఇచ్చి, బొట్టు పెట్టి, "దీనికి పెట్టేదేంది, గడ్డా, గానుగపిండా?" అని అడిగింది.

పాత మగ్గం గదిలోనే దానికి చోటు చూశారు. మగ్గాన్ని ముందు వసారాలోకి మార్చారు, అమ్మ అక్కడ కూర్చుని నేసేది. మగ్గం గుంత మీద నల్ల బండలు పరిచారు. ఆ బండల మీద అంత బరువు నిలవదు కాబట్టి మిషన్‌ను వెనక్కి, వంటింటి గోడకు జానెడు ఎడంగా గట్టి నేల మీద పెట్టారు. గోడకు ఇవతల మిషన్, అవతల జేజి పొయ్యి. ఆ గదిలో ఎప్పుడూ రెండు వాసనలు కలిసి వచ్చేవి, కాలిన ఇనుపరజను వాసన, రాగిసంగటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా వెల్డింగ్ షాపు ముందు నిలబడితే నాకు ఆకలేస్తుంది.

మిషన్‌తో ఒకటే చిక్కు. స్తంభం మీద జారే తలకు వెనకవైపు ఒక ఇనుప పట్టీ ఉంటుంది. తల ఊగకుండా స్తంభాన్ని హత్తుకుని ఉండేది ఆ పట్టీ వల్లే. దాన్ని బిగించడానికి నాలుగు స్క్రూలు, అవి తిరిగిపోకుండా ఒక్కో దానికి ఒక్కో నట్టు. వాడేకొద్దీ పట్టీ వదులవుతుంది. వదులైతే కట్టర్ ఇనుమును ముట్టగానే తలంతా గడగడా వణికి, చక్రం పళ్ల మీద గీతలు పడతాయి. మళ్లీ బిగించాలంటే స్క్రూలన్నీ గోడవైపున్నాయి. గోడకూ స్తంభానికీ మధ్య జానెడు సందులో చెయ్యి దూరుతుంది గానీ, దూరిన చెయ్యి తిరగదు. అందుకని నలుగురు మనుషులను పిలవాలి, గడ్డపారలు వేసి మిషన్‌ను పక్కకు జరపాలి, బిగించాక మళ్లీ గోడ దగ్గరికి నెట్టాలి. ఒకసారి అట్లా జరుపుతుంటే కాలి కింద బండ పగిలి ఒకాయన మోకాళ్ల దాకా మగ్గం గుంతలో దిగిపోయాడు. "ఇంటికి వచ్చినందుకు మగ్గం కూడా నేస్తావేంది?" అని జేజి ఆయన్ను అడిగింది. నలుగురూ సంగటి తిని, నల్లటి చేతులు గోడలకు తుడిచి వెళ్లేవాళ్లు. ఆ రోజంతా జేజి గోడలు కడుగుతూ నాయనకు అక్షింతలు వేసేది. ఆ భయానికి నాయన బిగింపు పనిని వచ్చే వారమని, ఆ పై వారమని జరుపుతూ పోయేవాడు.

జేజి కోపానికి కారణం ఉంది. మా ఇంట్లో పట్టు ఉండే చెక్కపెట్టె వంటింటి చివర, ఆమె కళ్లెదుట ఉండేది. రంగు వేసి చిలపలుగా చుట్టిన పట్టుదారం మీద ఒక్క నల్ల నూనె చుక్క పడితే ఆ చీర ఇక చీర కాదు. అందుకని నూనె చెయ్యి వంటింటి గడప దాటకూడదన్నది ఆమె శాసనం. కుంకుడుకాయ, బూడిద కలిపి మోచేతుల దాకా రుద్దుకుని, గడప బయట నిలబడి అరచేతులు ఒకసారి, మళ్లీ వెనక్కి తిప్పి ఒకసారి చూపించాలి. ఊళ్లో అందరూ అన్నా అని పిలిచే మా నాయన కూడా రోజూ మధ్యాహ్నం గోళ్లు చూపించుకునే బడిపిల్లాడిలా నిలబడేవాడు. "ఈ గోరు కింద ఏందిరా?" అంటే మాట్లాడకుండా మళ్లీ తొట్టి దగ్గరికి పోయేవాడు.

అప్పటికి నా ఇంటర్ పూర్తయింది. తర్వాత నన్నేం చెయ్యాలో ఇంట్లో ఎవరూ తేల్చలేదు. తేల్చేలోపు నేను మిషన్ గదిలో చేరిపోయాను. మొదట రజను ఊడ్చడం, తర్వాత నూనె పోయడం, తర్వాత నాయన పక్కన నిలబడి బల్ల జరపడం. ఆడపిల్లకు ఇనుముతో పనేమిటని అడిగినవాళ్లకు నాయన "దాని కన్ను మంచిదప్పా" అని మాత్రం చెప్పేవాడు. ఆ ఒక్క మాటతో నాకు కొంచెం పొగరెక్కింది. దాని ఫలితమే శెనక్కాయ నూనె వ్యవహారం.

ఎండాకాలం. నాయన ఏదో పని మీద అనంతపురం బయలుదేరుతూ "మిషన్‌కు నూనె పోసి పెట్టు" అని చెప్పాడు. చూస్తే మిషన్ నూనె డబ్బా ఖాళీ. ఆ సంగతి పరుగెత్తి బస్టాండులో ఆయనకు చెబితే సాయంత్రం డబ్బా తెచ్చేవాడు. కానీ పొగరెక్కినవాళ్లు అడగరు కదా. మా జిల్లాలో వానకు కొదవ గానీ శెనక్కాయ నూనెకు కొదవేమిటి! మా చేలో పండిన కాయ, గానుగ ఆడించిన నూనె, జేజి జాడీలో నిండుగా ఉంది. నూనె ఏదైనా నూనేనని నా సిద్ధాంతం. జేజి నీళ్లకు వెళ్లిన సమయం చూసి సోలెడు ముంచి, మిషన్‌లో జారే చోటల్లా, తిరిగే చోటల్లా ధారాళంగా పోశాను.

మొదటి వారం ఆ మిషన్ తిరిగిన తీరు చూడాలి! చప్పుడే లేదు. నాయన మురిసిపోయి "ఏం చేసినావే దీనికి?" అన్నాడు. "బాగా తుడిచినా నాయనా" అన్నాను. మిషన్ వేడెక్కగానే గదంతా బజ్జీల అంగడి వాసన. వసారాలో మగ్గం మీదున్న అమ్మ "యాడో పూరీలు కాలుస్తాండారు, మన వీధిలో ఎవురింట్లో పెండ్లిచూపులో" అనేది. వారం దాటాక చీమలొచ్చాయి. ఆ తర్వాత మే నెల ఎండ తన పని తాను చేసింది. నూనె చిక్కబడి, బంకై, చివరికి పాకం ముదిరినట్టు స్తంభానికి అతుక్కుపోయింది. ఒకరోజు నాయన తలను పైకి లేపబోతే అది కదల్లేదు. చక్రం పట్టుకుని బలం కొద్దీ లాగాడు. గడ్డపార వేసి ఎత్తాడు. మిషన్‌లో ఏదీ విరగలేదు గానీ నాయన నడుములో ఏదో కలుక్కుమంది. ఆయన బండల మీద కూలబడి, మళ్లీ తనంతట తాను లేవలేకపోయాడు.

మంచం మీద పడుకోబెట్టాక, పైకప్పు చూస్తూ ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "ఇంగ సాలు. ముసలి మిషన్‌ను తెచ్చి నెత్తిన పెట్టుకున్యా. దీన్ని ఎవురికన్నా ఇచ్చేసి బెంగుళూరు పోతా. చిన్నోడున్న ఫ్యాక్టరీలోనే ఏదో ఒక మిషన్ కాడ నిలబడతా. మీరు ఈడ ఉండండి." వసారాలో మగ్గం ఆగిపోయింది. విసురుతున్న జేజి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. మా చిన్నాయన బెంగుళూరు పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. ఉత్తరాలు కూడా తగ్గిపోయాయి.  నాయన పోతున్నది మిషన్ ముసలిదై కాదు, నా సోలెడు నూనె వల్ల. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

మరుసటి రోజు నాయనను బండిలో బత్తలపల్లెలో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. పది రోజులు అక్కడే ఉండాలన్నారు. అమ్మ, తమ్ముడు వెంట వెళ్లారు. వెళ్లే ముందే నాయన పామిడిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే ఎర్రిస్వామికి కబురు పంపాడు, మిషన్ కావాలంటే పది రోజుల తర్వాత వచ్చి చూసుకోమని. ఇంట్లో నేనూ జేజీ మిగిలాం. జేజి నన్ను పిలిచి గడప కింద చూపించింది.

"సరోజా, ఈ చీమలు యాడికి పోతాండాయి?"

"నాకేం తెలుసు జేజీ."

"నా జాడీ కాడ మొదలై ఆ మిషన్ కాడ తేలతాండాయి. నా జాడీలో సోలెడు నూనె తగ్గింది. ఇంగ నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

నేను భోరుమన్నాను. ఆమె ఏడవనిచ్చింది గానీ ఎక్కువసేపు కాదు. "ఏడిచేది తర్వాత పెట్టుకో. వాడు బెంగుళూరు పోకుండా యట్ల ఆపేదో అది చెప్పు. ఒక కొడుకును పంపినా, వాని ముఖమే మరిచిపోతాండా. ఇంగో కొడుకును పంపేంత పెద్దది కాదే నా గుండె" అంది. జేజి అట్లా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. కళ్లు తుడుచుకుని చెప్పాను. బంకంతా కిరసనాయిలుతో కడగచ్చు. కానీ పట్టీ బిగించకపోతే మళ్లీ గడగడే. ఒకసారి బిగించినా రెండు నెలలకు మళ్లీ వదులవుతుంది, మళ్లీ నలుగురు మనుషులు, మళ్లీ గడ్డపారలు. నాయన నడుముకు ఇక ఆ పని కుదరదు. మిషన్‌ను కదిలించకుండా, ఒక్క మనిషి, ఎప్పుడంటే అప్పుడు బిగించుకునే దారి కావాలి. ఆ మాటంటూ నేను గోడ వంక చూశాను. జేజి నా చూపు ఎక్కడుందో చూసింది.

"ఏంది, నా గోడను చూస్తాండావు?"

"స్క్రూలు ఈ గోడకు సరిగ్గా అవతల ఉండాయి జేజీ. ఒక్క రాయి తీస్తే..."

కొడుతుందేమో అనుకున్నాను. చాలాసేపు పొయ్యిలో పుల్లలు సర్దుతూ కూర్చుంది. చివరికి "ఒక్క రాయే గదా?" అంది.

"ఒక్కటే."

"నూనె చెయ్యి మాత్రం నా వంటింట్లోకి రాగూడదు."

"వంటింట్లో నిలబడే తిప్పాల జేజీ. నూనె చెయ్యి లేకుండా యట్ల?"

"నీ చెయ్యి నూనె చెయ్యి. నాది కాదు గదా. నేనే తిప్పుతా" అంది, అదేదో గరిటె తిప్పినంత తేలిగ్గా.

బంక వదిలించడానికి నాకు మూడు రోజులు పట్టింది. జేజి పాత చీరలు చింపి ఇచ్చింది, గడప బయటికి విసిరి. నాలుగో రోజు గోడ పని పెట్టుకున్నాం. మాది రాయీ మట్టీ కలిపి కట్టిన మూరన్నర మందం గోడ. ఒక్క రాయి అన్నాను గానీ, మొదట తీసిన రాయి వెనక స్క్రూలు లేవు, మోటారు బెల్టు కనిపించింది.  జేజి పడుగుదారం ఒకటి తెచ్చి, రెండు గదుల మధ్య తలుపు దగ్గర మొదలుపెట్టి గోడకు మిషన్ వైపు స్క్రూల దాకా కొలిచి ముడి వేసింది, అదే కొలత వంటింటి వైపు పెట్టింది. "ఈడ తియ్యి" అంది. తీస్తే నాలుగు స్క్రూలూ ఎదురుగా ఉన్నాయి. తలను ఒక ఎత్తులో నిలిపితే అవి సరిగ్గా ఆ సందుకు వస్తాయి. ఆ ఎత్తు మరిచిపోకుండా స్తంభం మీద గీత గీశాను.

ఇక మిగిలింది పనిముట్టు. స్క్రూ తిప్పేటప్పుడు నట్టు వదులు చెయ్యాలి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. అంత దూరం నుంచి రెండు పనులూ ఒకేసారి జరగాలి. పాత సైకిల్ పంపు గొట్టం కొసను ఎర్రగా కాల్చి, నట్టు మీద పెట్టి సుత్తితో కొట్టి ఆరు పలకలు తెచ్చాను. దాని లోపల నుంచి పొడుగాటి కడ్డీ దూర్చి, కడ్డీ కొసను స్క్రూ గాట్లో కూర్చునేలా అరగదీశాను. బయటి గొట్టం నట్టును తిప్పుతుంది, లోపలి కడ్డీ స్క్రూను తిప్పుతుంది. గొట్టానికి జేజి విరిగిన గరిటె పిడి తగిలించాను. జేజి చూసి ముచ్చటపడి, "ఇంత తెలివి ఉన్నదానివి ఆ పొద్దు మిషన్‌కు నా నూనె యట్ల పోసినావే?" అని అడిగింది. 

ఎంత బిగించాలన్నది అసలు విద్య. ఎక్కువైతే తల కదలదు, తక్కువైతే వణుకుతుంది. అది నాయన ఏళ్ల తరబడి నేర్చుకున్న పని. జేజి అరగంటలో పట్టేసింది. యాభై ఏళ్లు మగ్గం మీద పడుగు బిగువు చూసిన చేతులవి. మొదట పూర్తిగా బిగించింది, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతూ "జరుగుతాందా? ఇప్పుడు? ఇప్పుడు?" అని గోడ అవతల నుంచి అడిగింది. తల బరువుగా, కానీ ఆగకుండా జారిన చోట ఆపేసింది. "పడుగైనా అంతే. తెగేముందు ఒకటి చెప్తాది, దాని మాట ఇనాల" అంది. నేను ఒక బిళ్ల బిగించి పళ్లు కోశాను. అద్దంలా వచ్చాయి. పాత మగ్గం పలకతో రంధ్రానికి చిన్న తలుపు చేసి బిగించాం. ఆ మధ్యాహ్నం జేజి ఉగ్గాణి, బజ్జీలు చేసింది. జాడీలో నూనె ఏమాత్రం మిగిలిందో చూసుకుంటూ చేసిందిలెండి.

నాయన వచ్చాక మిషన్ నడిపి చూపించి, అప్పుడు అన్నీ చెప్పాలని మా పథకం. నాయన వచ్చాడు గానీ వెంట అమ్మా తమ్ముడే కాదు, ఇంకొకరూ ఉన్నారు. బత్తలపల్లె బస్టాండులోనే ఎర్రిస్వామి కలిశాడంట, అదే బస్సులో దిగారు. కాళ్లు కడుక్కోకముందే ఎర్రిస్వామి మిషన్ గదిలోకి నడిచాడు. నాయన నడుముకు కట్టుతో స్టూలు మీద కూర్చుని "సరోజా, నడిపి చూపియ్యి. గడగడలాడతాదప్పా, ముందే చెప్తాండా" అన్నాడు. ఎర్రిస్వామి గ్లాసు నిండా నీళ్లు అడిగి తీసుకుని మిషన్ తల మీద పెట్టాడు. నేను స్విచ్ వేసి బిళ్లకు కట్టర్ ముట్టించాను. గ్లాసులో నీళ్లు కదల్లేదు.

నాయన నోరు తెరిచాడు. ఎర్రిస్వామి కళ్లు మెరిశాయి. "ఏమప్పా, ఇంత మంచి మిషన్‌ను గడగడ అంటాండావు? బేరానికి తమలపాకులు తెప్పించు, ఈ పొద్దే బండి కట్టించుకుంటా" అన్నాడు.  నాయనను ఆపడానికి మిషన్ బాగుచేశాం, అది బాగైనందుకే పోతోంది! ఏం చెయ్యాలో తోచక నేను బల్ల జరుపుతూనే ఉన్నాను. ఇంతలో నా చేతి కింద మిషన్ చిన్నగా దగ్గింది. తర్వాత గొణిగింది. చూస్తుండగానే తలంతా గడగడలాడి, గ్లాసు అంచు దాకా నడిచి వచ్చి ఎర్రిస్వామి కాళ్ల మీద పడింది. స్తంభం వెనక సైకిల్ పంపు గొట్టం కొస మెల్లగా తిరగడం నాకు కనిపించింది. నవ్వు వస్తుందేమోనని పెదవి కొరుక్కున్నాను.

"నీ మిషన్‌కు చలిజొరం వచ్చిందప్పా" అని ఎర్రిస్వామి పంచె దులుపుకుని బస్టాండుకు బయలుదేరాడు. నాయన మాత్రం కదల్లేదు. ఒక నిమిషం నున్నగా తిరిగిన మిషన్ మరు నిమిషం ఎట్లా వణుకుతుందని ఆయన అనుమానం. నడుము పట్టుకుని లేచి, వంగి, స్తంభం సందులోంచి చూశాడు. గోడలో గుండ్రంగా వెలుతురు, ఆ వెలుతురులో ఒక కన్ను.

"ఎవురాడ?"

"నేనేరా. పోపు పెడతాండా" అంది జేజి.

నాయన సందులోంచి తల తీసి నా వైపు తిరిగాడు. "పో, ఆయప్పను పిలుచుకొని రా. మోసం చేసి పంపినామనే మాట నాకొద్దు" అన్నాడు నాతో. నేను బస్టాండుకు ఎంత మెల్లగా నడవచ్చో అంత మెల్లగా నడిచాను. పక్కవీధి తిరిగి, అంగడి ముందు చెప్పు సరిచేసుకుని వెళ్లాను. ఏం లాభం, పామిడి బస్సు ఎప్పటిలాగే ఆలస్యం. ఎర్రిస్వామి వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఆయన వచ్చాక నాయన గోడను చూపించాడు. జేజిని మళ్లీ బిగించమన్నాడు. జేజి ముఖం ముడుచుకునే బిగించింది. గ్లాసులో నీళ్లు మళ్లీ కదలకుండా నిలిచాయి. "అయితే మిషన్‌ది తప్పు లేదు. ఇంగ నాకు ఇచ్చినట్టే గదా?" అన్నాడు ఎర్రిస్వామి.  వసారా నుంచి అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నాయన మిషన్‌ను చూశాడు, గోడను చూశాడు, రంధ్రంలోంచి కదలకుండా తననే చూస్తున్న తల్లిని చూశాడు.

"ఇయ్యలేనప్పా. దీన్ని తీస్కపోవాలంటే ఈ గోడను కూడా తీస్కపోవాల. గోడ ఎనకాల మా యమ్మను కూడా. నాకు ముగ్గురూ కావాల."

"నన్నడగకుండా యాడికీ పంపొద్దండి" అంది గోడ.

ఎర్రిస్వామి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. భోంచేసి, వెళ్తూ వెళ్తూ తన ఇంజన్లకు కావలసిన చక్రాల పని మాకే చెప్పిపోయాడు. ఆయన వెళ్లాక నాయన మిషన్ పక్కకు వెళ్లి, గోడకు నుదురు ఆనించి "నేను యాడికీ పోనులేమ్మా" అన్నాడు. అవతల జేజి ఏమందో నాకు వినబడలేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినబడింది.

ఆ సాయంత్రమే నేను నూనె సంగతి చెప్పేశాను. జేజి చెప్పమనలేదు, అంత పని చేశాక ఆ ఒక్కటి దాచుకోవడం నాకే చేతకాలేదు. నాయన నా వంక చూశాడు. తన నడుము కట్టు వంక చూసుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. "శిక్ష ఏస్తా. ప్రతి శనివారం మిషన్ మొత్తం నువ్వే కిరసనాయిలుతో తుడిచి, మిషన్ నూనె పోసి, మీ జేజితో కలిసి బిగించాల. నేను సాలనేదాకా" అన్నాడు. తుడిచేవాళ్లకు మిషన్‌లో ప్రతి మూలా తెలుస్తుంది. తెలిసినవాళ్ల చేతికి పని వస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి ఊళ్లోవాళ్లు చక్రం అరిగితే నాయనను కాదు, నన్నే అడగడం మొదలుపెట్టారు. నా పెళ్లి కూడా అదే ఊళ్లో, ఆ మిషన్‌ను ఒప్పుకున్న మనిషితోనే జరిగింది. జేజి ఉన్నంతకాలం, వంట చేస్తూనే మిషన్ చప్పుడు విని, మేం అడక్కుండానే పావు తిప్పు బిగించేది. ఆమె పోయాక ఆ రంధ్రం దగ్గర నిలబడటానికి నాయనకూ నాకూ మనసు రాలేదు. మిషన్‌ను ఊరి బయట షెడ్డుకు మార్చుకుని, గోడను మూసేశాం.

ఈమధ్య తమ్ముడి కొడుకు తను పనిచేసే చోటికి తీసుకువెళ్లి కంప్యూటర్ మిల్లింగ్ మిషన్ చూపించాడు. అది తన నూనె తానే పోసుకుంటుంది, వదులైతే తెర మీద ఎర్ర అక్షరాలతో చెబుతుంది. మంచిదే. అట్లాంటిది మాకప్పుడు ఉంటే నాయన నడుము బాగుండేది, మా గోడ బాగుండేది. నేను పాతకాలమే గొప్పదని వాదించే మనిషిని కాను. గడ్డపారలతో మిషన్ జరిపినవాళ్లెవరూ అట్లా వాదించరు. కానీ ఆ పిల్లవాడిని "ఇది వదులైతే ఎవరిని పిలుస్తావు?" అని అడిగితే, "కంపెనీకి మెయిల్ పెడతాం అత్తా" అన్నాడు. ఆ మిషన్ చుట్టూ ఇల్లంతా ఒకటి కావలసిన అవసరం ఎవరికీ లేదు. నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది.

నాయన బాగా పెద్దవాడయ్యాక, షెడ్డుకు వచ్చి కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండేవాడు. ఒక శనివారం కిరసనాయిలు గుడ్డతో స్తంభం తుడుస్తూ, నా మోకాళ్లలో కూడా నొప్పులు పుడుతున్న వయసులో, నవ్వుతూ అడిగాను. "ఏం నాయనా, ఇన్నేండ్లాయ నాకు శిక్ష ఏసి. ఒక్కపారి కూడా సాలన్లేదే నువ్వు?"

ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సాలంటే నువ్వు మానేసి పోతావేమోనని బయపడినానమ్మా" అన్నాడు.

నేను గుడ్డను మళ్లీ కిరసనాయిల్లో ముంచుకున్నాను.